మామగారి ఎత్తు కుర్చీ

దేవుడి ముందు కూర్చోవచ్చుగాని, అట్టపెట్టె ముందు కూర్చోకూడదా?

ఈ సందేహం నాకు చాలా ఏళ్ళుగా ఉంది. రోజూ పొద్దున్నే స్నానం చేసి, దీపం వెలిగించి, చాప మీద హాయిగా మఠం వేసుకుని ప్రార్థన చేసుకుంటాను. లోకాలన్నీ నడిపే ఆయన ముందు కూర్చున్నా ఆయన ఏనాడూ తప్పు పట్టలేదు. అది కాగానే సందు దాటి మా కార్ఖానాకి వెళ్ళి, బూట్లు పెట్టుకునే అట్టపెట్టెల ముందు సాయంత్రం దాకా నిలబడతాను. నేనే కాదు, అక్కడ పనిచేసే అందరూ అంతే.

ఒకసారి మా ఆవిడని అడిగాను.

"దేవుడు జీతం ఇవ్వడు కదండీ, అందుకే కూర్చోనిస్తాడు," అంది బట్టలు మడతపెడుతూ.

మా ఆవిడ మాటల్లో సగం నవ్వులాట, సగం నిజం ఉంటాయి. ఏ సగం ఏదో తేల్చుకోవడం నాకు ఇప్పటికీ చేతకాదు.

కార్ఖానా మా మామగారు పెట్టింది. ఆయన పోయాక మా అత్తగారు యజమానురాలయ్యారు, నేను పనిలోకి వచ్చాను. అందరూ నన్ను "అల్లుడుగారూ" అని పిలుస్తారు. తల నెరిసింది, నాకే అల్లుడు రావలసిన వయసు వచ్చింది, అయినా ఆ పిలుపు మారలేదు.

మామగారు వదిలి వెళ్ళినవాటిలో ముఖ్యమైనవి రెండు. మొదటిది ఒక మాట: "కూర్చుంటే కునుకొస్తుంది, కునుకొస్తే వేలు పోతుంది." ఆ మాట వల్లే మా కార్ఖానాలో ఎవరూ కూర్చుని పని చెయ్యరు. రెండోది ఒక కుర్చీ. గుమ్మం పక్కన, గోడకి ఆనించి ఉంటుంది. మామూలు కుర్చీలకంటే బాగా ఎత్తు. మామగారు పొడుగాటి మనిషి కాబట్టి పొడుగ్గా చేయించుకున్నారని అందరం అనుకునేవాళ్ళం. అత్తగారు రోజూ పొద్దున్నే దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తారు. అందులో మాత్రం ఎవరూ కూర్చోరు. ఆవిడ కూడా గడప మీదే కూర్చుంటారు.

"అమ్మమ్మా, నువ్వు కూర్చోవచ్చా మరి?" అని మా అమ్మాయి చిన్నప్పుడు అడిగితే, "గడప లోపలా కాదు, బయటా కాదు. గడప మీద కూర్చుంటే కూర్చున్నట్టు కాదే," అన్నారు ఆవిడ.

పెద్దవాళ్ళ వేదాంతంలో తలదూర్చకూడదు.

*

గొడవ బూట్ల షాపాయనతో మొదలైంది. మా పెట్టెల్లో ముప్పాతిక వంతు కొనేది ఆయనే. ఒకరోజు రెండు పెట్టెలు చంకలో పెట్టుకుని వచ్చి, బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"చూడండి అల్లుడుగారూ. ఇది మీరు పొద్దున చేసింది. పెళ్ళికొడుకులా నిటారుగా ఉంది. ఇది మధ్యాహ్నం చేసింది. మందు కొట్టి ఇంటికొచ్చినవాడిలా ఎలా ఒరిగిపోయిందో చూశారా? మూత పెడితే పట్టదు."

"ఏది పొద్దున చేసిందో, ఏది మధ్యాహ్నం చేసిందో మీకెలా తెలుసండీ?"

"మీ ట్రాలీ రెండు పూటలా వస్తుంది కదా. పొద్దున వచ్చే సరుకులో ఏనాడూ పేచీ లేదు. వచ్చే వారం నేనే వచ్చి చూస్తాను. బాగుంటే సరే. లేదంటే ఊరి చివర కొత్తగా పెట్టినవాళ్ళున్నారు, వాళ్ళని చూసుకుంటాను."

ఆయన అలా వెళ్ళాడో లేదో, జిగురక్క కుంచె గిన్నెలో పెట్టి నా దగ్గరికి వచ్చింది. జిగురక్క మా కార్ఖానాకి ప్రాణం. పెట్టె మూలలు అంటించేది ఆవిడే. మామగారి కాలం నుంచీ ఉంది. నాకు అంటించడం నేర్పింది కూడా ఆవిడే. మొదటిరోజు నా రెండు చేతులూ ఒకదానికొకటి అతుక్కుపోతే వేడినీళ్ళతో విడదీసి, "దణ్ణం పెట్టడం తర్వాత అల్లుడుగారూ, ముందు పని నేర్చుకోండి," అన్న మనిషి.

"ఈ నెలాఖరుకి మానేస్తానండీ," అంది.

"ఏమక్కా? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"అన్నాయి. నా కాళ్ళు అన్నాయి. ఇన్నాళ్ళూ నువ్వు చెప్పినట్టు మేం విన్నాం, ఇక మేం చెప్పినట్టు నువ్వు విను అన్నాయి. మధ్యాహ్నం అయ్యేసరికి పాదాలు పొంగుతున్నాయండీ. ఓ చేత్తో బల్ల పట్టుకుని ఇంకో చేత్తో అంటిస్తున్నాను. మూల ఎలా నిలుస్తుంది మరి?"

"ఎక్కడికి వెళ్తావు?"

"మా చెల్లెలి కోడలికి సంచుల కొట్టుంది. గల్లా దగ్గర ఉండమంటోంది."

"అక్కడ జీతం ఎంత ఇస్తారట?"

"అది అడగలేదు. స్టూలు ఉందా అని అడిగాను. ఉందంది."

నేను నవ్వబోయాను. ఆవిడ మొహంలో నవ్వు లేదు. ఇన్నేళ్ళుగా వేలికొసలతో నేర్చుకున్న పనిని ఒక స్టూలు కోసం వదిలేసి పోతోంది. ఆ రాత్రి నాకు అన్నం సరిగా సయించలేదు. ఆవిడ పోతే బూట్ల షాపాయన పోతాడు, అది నిజమే. కానీ నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆవిడ "నా కాళ్ళు అన్నాయి" అన్న తీరు. ఇన్నాళ్ళూ ఆ కాళ్ళు మాట్లాడుతూనే ఉండి ఉంటాయి, వినబడింది మాత్రం ఇప్పుడు.

*

మా అమ్మాయి చిన్న చిన్న కార్ఖానాలు తిరిగి, పని సులువుగా, బాగా అయ్యే దారులు చెప్పే ఒక ఆఫీసులో పనిచేస్తుంది. ఆ వారం సెలవుకి ఇంటికి వచ్చింది. సంగతి విని మర్నాడు పొద్దున్నే నాతోపాటు కార్ఖానాకి బయల్దేరింది.

అక్కడ పెట్టెలు కట్టే పురికొస ఉండ ఒకటి తీసుకుని, ఒక కొస జిగురు బల్ల కాలికి కట్టింది. ఉండని ఒక సంచిలో వేసి జిగురక్క నడుముకి కట్టింది.

"పెద్దమ్మా, నువ్వు రోజూ ఎలా పని చేస్తావో అలాగే చెయ్యి. పురికొస సంగతి మరిచిపో."

"నన్ను కట్టేస్తున్నావటే? పారిపోతాననా?"

"నెలాఖరు దాకా పారిపోవుగా, చాల్లే."

జిగురక్క పని మొదలుపెట్టింది. జిగురు కాగే పొయ్యి వెనక గదిలో ఉంది. గిన్నె చల్లారినప్పుడల్లా అక్కడికి వెళ్ళాలి. కోసిన అట్టలు ఇంకో చివర ఉంటాయి, అక్కడికీ వెళ్ళాలి. మూతలు గుమ్మం దగ్గర, నీళ్ళు పెరట్లో, ఆరబెట్టే అరలు మళ్ళీ వెనక గదిలో. ఆవిడ వెళ్ళిన ప్రతి దారినా పురికొస నేల మీద పడుతూ పోయింది. ఉండ అయిపోతే అమ్మాయి ఇంకోటి ముడివేసింది. భోజనాల వేళకి కార్ఖానా నేల మీద కాలు పెట్టే చోటు లేదు.

కత్తి యంత్రం మీద అట్టలు కోసే మనిషిని మేం కోతలరాయుడు అంటాం. చేత్తో ఎంత బాగా కోస్తాడో నోటితో అంతకంటే బాగా కోస్తాడు. అతను యంత్రం ఆపి నేలంతా చూశాడు.

"సాలెపురుగు కూడా ఇంత తిరగదు. ఒకవేళ తిరిగినా దానికి చివర్లో ఒక ఈగైనా దొరుకుతుంది!"

గడప మీదున్న అత్తగారికి నవ్వు రాలేదు. "నా పురికొసంతా తగలేశావు కదే!"

"పురికొసదేముంది అమ్మమ్మా, చుట్టుకుంటే వచ్చేస్తుంది. ఇన్నాళ్ళూ పెద్దమ్మ కాళ్ళు తగలేశాం, అవి వస్తాయా?"

"చుట్టేదెవరు? నువ్వా?"

"నువ్వే చుట్టు. నీ పురికొస."

మా అత్తగారికి పంతం వచ్చింది. లేచి, జిగురు బల్ల దగ్గర కొస విప్పి, చుట్టడం మొదలుపెట్టారు. పొయ్యి దాకా వెళ్ళి వచ్చారు, అట్టల దాకా వెళ్ళి వచ్చారు, మళ్ళీ పొయ్యి దాకా, పెరట్లోకి, మళ్ళీ పొయ్యి దాకా. మేమందరం పని చేస్తున్నట్టు నటిస్తూ ఆవిడనే చూస్తున్నాం. సగం చుట్టేసరికి ఆవిడకి ఆయాసం వచ్చింది. ఉండ నా చేతిలో పడేసి గడప మీద కూలబడ్డారు. కొంగుతో మొహం తుడుచుకున్నారు. తర్వాత జిగురక్కకేసి తిరిగి అన్నారు.

"రోజూ ఇంత తిరుగుతావటే?"

"మధ్యాహ్నం నుంచి ఇంకో ఇంత అమ్మగారూ."

ఆ సాయంత్రమే పొయ్యి జిగురు బల్ల పక్కకి వచ్చింది. అట్టలూ మూతలూ చేతికి అందే దూరానికి వచ్చాయి. పాత అట్టల కట్టలు అడ్డంపెట్టి ఎన్నో ఏళ్ళుగా మూసేసిన కిటికీ ఒకటి ఉంది. వాటిని లాగేసి తలుపులు తోస్తే బల్ల మీద వెలుగు పడింది, గాలి వచ్చింది. "ఇక్కడ కిటికీ ఉందా!" అన్నాడు కోతలరాయుడు, దాన్ని తనే కనిపెట్టినట్టు.

రెండు రోజుల్లో తేడా కనబడింది. పెట్టెలు ఎక్కువ వచ్చాయి, గొణుగుడు తగ్గింది. మధ్యాహ్నం పెట్టెల ఒరుగుడు కూడా కొంత తగ్గింది. కొంతే. ఆవిడ నడక తగ్గిందిగాని నిలబడడం తగ్గలేదుగా.

"ఇక మిగిలింది కూర్చోవడమే అమ్మమ్మా," అంది అమ్మాయి.

"బల్లలు కదపమన్నాను, కదిపారు. పొయ్యి కదిపారు. కిటికీ తెరిచారు. ఆయన మాట మాత్రం కదపకండి."

"పోనీ, కూర్చోకుండా ఆనుకోవచ్చా? వెనక ఒక పలక పెడితే?"

అత్తగారు బాగా ఆలోచించారు. "ఆనుకుంటే కూర్చున్నట్టు కాదు," అని తేల్చారు. గడప వేదాంతానికి అది తోబుట్టువు.

పలక చెయ్యడానికి వడ్రంగి మామని పిలిపించాం.

*

వడ్రంగి మామ మా సందులో అందరికంటే పెద్దవాడు. చెవి మీద పెన్సిలు పెట్టుకుని వచ్చి, జేబులో టేపు ఉన్నా తీయకుండా, జిగురు బల్ల ఎత్తు జానలతో కొలిచాడు. కొలిచి ఆగాడు. ఏదో గుర్తొచ్చినవాడిలా చుట్టూ చూసి, గుమ్మం పక్కనున్న కుర్చీ దగ్గరికి వెళ్ళి దాన్నీ కొలిచాడు.

"ఇది ఇక్కడేం చేస్తోంది?"

"అది మామగారి కుర్చీ కదండీ," అన్నాను.

"ఎవరు చెప్పారు? చేసినవాణ్ణి నేను, నాకు తెలీదా? ఇది ఆ జిగురు బల్లకి కొలిచి చేసిన కుర్చీ." మేం ఆపేలోపే దాన్ని ఎత్తి తీసుకెళ్ళి బల్ల ముందు పెట్టాడు. కుర్చీ, బల్లా ఒకదానికొకటి చక్కగా అమిరాయి. "ఈ కింద అడ్డకర్ర చూడు. కాళ్ళు పెట్టుకోవడానికి. మీ మామ కొంగలాంటి మనిషి, ఎంత ఎత్తు కుర్చీలో కూర్చున్నా కాళ్ళు నేలకి ఆనేవి. ఆయనకి అడ్డకర్ర ఎందుకయ్యా? పొట్టి మనిషికి కావాలిగాని."

కార్ఖానాలో పొట్టి మనిషి ఒక్కరే. అందరం జిగురక్కవైపు తిరిగాం.

"జిగురు అంటించే అమ్మాయి కడుపుతో ఉంది, నిలబడలేకపోతోంది, బల్లకి సరిపడా ఓ కుర్చీ చెయ్యరా అన్నాడు నాతో," అన్నాడు వడ్రంగి మామ. "అవునా కాదా?"

జిగురక్క కుంచె గిన్నెలో పెట్టింది.

"అవును. తెచ్చినరోజు, గట్టిగా ఉందో లేదో చూస్తానని పెద్దాయన కూర్చున్నారు. బాగుందన్నారు. రేపట్నుంచి నీదే అన్నారు. మర్నాడూ అదే మాట. రోజూ పొద్దున్నే నన్ను చూడగానే 'రేపు' అని నవ్వేవారు. నాకూ నవ్వొచ్చేది. అందులో కూర్చున్నాక మా మీద అరవడం తగ్గించారు, అందుకని నేనూ గట్టిగా అడగలేదు. తర్వాత కాన్పుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయన లేరు."

"ఇన్నేళ్ళూ ఒక్కమాట చెప్పలేదేం అక్కా?"

"పోయినాయన కుర్చీ నాదని ఎలా అడుగుతానండీ? అమ్మగారు రోజూ తుడుస్తుంటే చూసేదాన్ని. నా కుర్చీకి ఎంత మర్యాదో అని లోపల్లోపల మురిసిపోయేదాన్ని."

కోతలరాయుడు ఫక్కున నవ్వి, అత్తగారి మొహం చూసి నవ్వు మింగేశాడు. ఆవిడ గడప మీంచి లేచారు. చెప్పులు వేసుకుని సందు దాటి ఇంటికి వెళ్ళిపోయారు.

"చెల్లెమ్మకి కోపం వచ్చింది," అన్నాడు వడ్రంగి మామ. "ఇంతకీ పలక చెయ్యనా, వద్దా?"

"కూర్చో పెద్దమ్మా, నీ కుర్చీయే కదా," అంది అమ్మాయి.

జిగురక్క తల అడ్డంగా ఊపింది. కుర్చీని తనే ఎత్తి, గుమ్మం పక్కన, ఎక్కడిది అక్కడ పెట్టింది. "ఇస్తే తీసుకుంటాను. నేనై కూర్చోను."

*

సాయంత్రం తాళం వేసేటప్పటికి కుర్చీ అక్కడే ఉంది. రెండో తాళంచెవి అత్తగారి దగ్గర ఉంటుంది. తెల్లవారి దీపం వెలిగించడానికి దేవుడి గదిలోకి వెళ్తే, కుర్చీ అక్కడ ఉంది. అత్తగారు దాన్ని తుడుస్తున్నారు. ఆ వయసులో ఒక్కరే ఎలా మోసుకొచ్చారో ఆ దేవుడికే తెలియాలి.

నేను చాప మీద కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నానుగాని ప్రార్థన ముందుకి సాగలేదు.

"అత్తయ్యా, ఒక సందేహం."

"పొద్దున్నే మొదలెట్టావా? అడుగు."

"దేవుడి ముందు కూర్చుంటే తప్పు లేదు కదా?"

"లేదు."

"మరి అట్టపెట్టె ముందు కూర్చుంటే తప్పెలా అవుతుంది?"

గుడ్డ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. "కూర్చుంటే కునుకొస్తుందని, వేలు పోతుందని ఆయన..."

"ఆ మాట కత్తి యంత్రం దగ్గర పుట్టింది అత్తయ్యా. అక్కడ అది నిజమే. కోతలరాయుడు నిలబడే కొయ్యాలి. కానీ జిగురులో వేలు పడితే ఏమవుతుంది?"

"అంటుకుంటుంది."

"అంతేగా?"

ఆవిడకి నవ్వొచ్చింది. కానీ ఎంతోసేపు నిలవలేదు.

"అది కాదయ్యా. కుర్చీ ఎవరిదో నిన్న వినగానే నాకు అర్థమైంది. ఆయన రేపు రేపు అనే రకమే. నా గాజుల సంగతి కూడా అలాగే అనేవారు. కానీ రోజూ దీన్ని తుడుస్తూ ఆయనతో నాలుగు ముక్కలు మాట్లాడతాను. పిల్లల సంగతి, అట్ట ధర, నా మోకాలు. దీన్ని ఇచ్చేస్తే ఎవరితో చెప్పుకోను?"

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. దీపం వత్తి కాస్త ఎగదోశాను. ఇంత మాత్రం తోచింది.

"ఇచ్చేశాక కూడా తుడవొచ్చు కదా అత్తయ్యా? అక్క పనిలోకి రాకముందు."

ఆవిడ గుడ్డని మడిచారు. విప్పి మళ్ళీ మడిచారు.

"అవునులే. దుమ్ము ఎవరి కుర్చీ మీదైనా పడుతుంది," అన్నారు. "ఆ పక్క పట్టుకో."

*

కుర్చీ చూడ్డానికి ఎత్తేగాని, మొయ్యడానికి బరువు కూడా. సందు మధ్యలో ఆగి కింద పెట్టాం. సరిగ్గా అప్పుడే బూట్ల షాపాయన ఎదురొచ్చాడు. చెప్పినట్టే పెట్టెలు చూడ్డానికి వస్తున్నాడు.

"ఆహా, నాకోసం సందులోకే కుర్చీ తెచ్చారా! మర్యాదంటే ఇదీ," అంటూ కూర్చోబోయాడు.

"ఆగు!" అని అత్తగారు వేసిన కేకకి ఆయన సగం వంగినవాడు అలాగే ఉండిపోయాడు. "అది ఒకరి కుర్చీ."

"పెద్దాయనదా అమ్మా? క్షమించాలి, క్షమించాలి."

"కాదు. మా జిగురక్కది."

ఆయన నాకేసి చూశాడు. నేను ఆకాశంకేసి చూశాను. ముగ్గురం కలిసి కుర్చీ పట్టుకుని కార్ఖానాకి చేరాం. ఆయనకి ఏమీ అర్థం కాకపోయినా తన వంతు కాలు తను మోశాడు.

లోపల అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. అత్తగారు కుర్చీని జిగురు బల్ల ముందు పెట్టించి, మడిచి తెచ్చిన గుడ్డ తీసి ఇంకోసారి తుడిచారు.

"వడ్రంగి అన్నయ్యకి కబురు చెయ్యి," అన్నారు నాతో. "పలక వద్దు. ఇదే కొలతకి మిగతావాళ్ళకీ చెయ్యమను. కత్తి దగ్గర మాత్రం వద్దు."

"నాకొద్దులెండి అమ్మగారూ," అన్నాడు కోతలరాయుడు. "నేను కూర్చుంటే యంత్రం బెంగపెట్టుకుంటుంది."

"నీ నోటికి మాత్రం ఒక కుర్చీ కావాలి. అది ఎప్పుడూ నిలబడే ఉంటుంది," అంది జిగురక్క. అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం కుర్చీ వైపు చూడడంలేదు.

అత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. "కూర్చోవే."

జిగురక్క ముందు అంచు మీద కూర్చుంది, బస్సులో పెద్దమనిషి పక్కన కూర్చున్నట్టు. తర్వాత వెనక్కి జరిగింది. పాదాలు అడ్డకర్ర వెతుక్కున్నాయి, దొరికాక కుదురుకున్నాయి. ఒక అట్ట ముందుకి లాక్కుని, కుంచె ముంచి, రెండు చేతులతో మూల నొక్కింది. ఆవిడ రెండు చేతులూ ఒకేసారి బల్ల మీద ఉండడం నేను చాలాకాలానికి చూశాను. బూట్ల షాపాయన ఆ పెట్టెని ఎత్తి, వెలుగుకి పెట్టి, మూత వేసి చూశాడు. పట్టింది.

"పెళ్ళికొడుకే," అన్నాడు.

"సంచుల కొట్టు సంగతేమిటి అక్కా?" అని అడిగాను.

"మా చెల్లెలి కోడలు నాకంటే చిన్నది. అది నిలబడుతుందిలెండి."

అత్తగారు చేతిలో గుడ్డతో ఇంకా అక్కడే నిలబడ్డారు. "చాలా ఆలస్యమైంది. ఏమనుకోకే," అన్నారు నెమ్మదిగా.

జిగురక్క రెండో అట్ట అందుకుంది.

"ఆలస్యమేముంది అమ్మగారూ? పెద్దాయన రేపనే కదా అన్నారు."